ఐదడుగుల లోపు ఆడవాళ్లకు కేలరీల లెక్క, వ్యాయామం: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ లెక్క తప్పుతుంది

"అక్కా, మా ఆయనా నేనూ ఒకే రోజు మొదలుపెట్టాం. ఒకటే వంట, ఒకటే వాకింగ్. ఆయన నెలలో మూడు కిలోలు తగ్గారు, నేను మూడొందల గ్రాములు. నాకేమైనా జబ్బుందంటారా?"

బెంగళూరులో మారతహళ్లి, బెళ్లందూరు వైపు ఉండే మన తెలుగు ఆడవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఎప్పుడూ ఇదే. పేర్లు మారతాయి, గ్రాములు మారతాయి. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే బదులు మొత్తం వరసగా ఇక్కడ రాస్తున్నాను. నా ఎత్తు 150 సెంటీమీటర్లు, అంటే ఐదడుగులకు ఒక అంగుళం తక్కువ. కింద ఉన్న తప్పుల్లో చాలావరకు నేను చేసినవే.

## 1. మొదలుపెట్టేముందు

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 18 ఏళ్లలోపు పిల్లలు ఈ లెక్కలు పాటించకూడదు. షుగరుకు మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు డాక్టరును అడగకుండా తిండి తగ్గించకండి, షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు. తిండి విషయంలో ఇదివరకు మనసు పాడుచేసుకున్నవాళ్లు, అంటే తిని కక్కడం, రోజుల తరబడి పస్తులుండడం లాంటివి చేసినవాళ్లు, కేలరీలు లెక్కపెట్టే పని అసలు పెట్టుకోకండి. ముందు డాక్టరుతో మాట్లాడండి.

తర్వాత, మీరు నిజంగా తగ్గాలా వద్దా చూసుకోండి. బీఎంఐ అంటే కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె. మన దేశంలో డాక్టర్లు అది 23 దాటితే అధిక బరువుగా లెక్కేస్తారు, 18.5 కన్నా తగ్గితే తక్కువ బరువు. ఆ లెక్కన ఉండాల్సిన బరువు ఇదీ:

- 145 సెం.మీ. ఎత్తు: 39 నుంచి 48 కిలోలు
- 150 సెం.మీ.: 42 నుంచి 51.5 కిలోలు
- 155 సెం.మీ.: 44.5 నుంచి 55 కిలోలు

150 ఎత్తుకి 46 కిలోలుండి "ఇంకో ఐదు తగ్గాలి" అనేవాళ్లు నాకు తెలుసు. వాళ్లు ఈ వ్యాసంలో నేరుగా 8వ భాగానికి వెళ్లొచ్చు. వాళ్లకు తగ్గించాల్సినది ఏమీ లేదు, కండ పెంచుకుంటే చాలు.

సిద్ధం చేసుకోవాల్సినవి:

- గ్రాముల్లో చూపించే కిచెన్ స్కేల్
- 5 మి.లీ., 15 మి.లీ. కొలత చెంచాలు. ఇంట్లో స్పూన్లు పనికిరావు, ఒక్కోటి ఒక్కో సైజు
- టైలరు టేపు
- బరువు చూసే మెషిన్. రోజూ ఒకే చోట, గట్టి నేల మీద పెట్టాలి
- ఒక నోటుబుక్కు. యాప్ ఐనా సరే, కానీ దాని తిప్పలు 3వ భాగంలో చెప్తాను
- రక్తపరీక్షలు: టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, బి12, విటమిన్ డి, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగరు సగటు)

పరీక్షలు దాటేయకండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం లేకపోతే రెండంతస్తులు ఎక్కినా ఆయాసమే. దాన్ని బద్ధకమనుకుని మనల్ని మనమే తిట్టుకుంటాం.

## 2. మీ లెక్క మీరే వేసుకోండి

మిఫ్లిన్–సెయింట్ జోర్ సూత్రం అని ఒకటుంది. పడుకుని ఊరికే ఉన్నా ఒంటికి రోజుకు ఎన్ని కేలరీలు కావాలో అది చెప్తుంది. ఆడవాళ్లకు ఇలా:

- బరువు కిలోల్లో × 10
- దానికి ఎత్తు సెంటీమీటర్లలో × 6.25 కలపండి
- వయసు × 5 తీసేయండి
- ఇంకో 161 తీసేయండి

34 ఏళ్లు, 150 సెం.మీ., 56 కిలోలు ఉన్న మనిషిని తీసుకుందాం. 560 + 937.5 − 170 − 161, అంటే సుమారు 1167. ఆఫీసులో కూర్చునే పని, రోజుకు ఐదారు వేల అడుగులు ఉంటే దీన్ని 1.3తో హెచ్చవేయండి. 1500 పైన కాస్త వస్తుంది. ఆవిడ రోజంతా ఖర్చు పెట్టేది అంతే.

ఇప్పుడు 36 ఏళ్లు, 175 సెం.మీ., 78 కిలోలు ఉన్న భర్త లెక్క చూడండి. మగవాళ్లకు చివర్లో 161 తీసే బదులు 5 కలపాలి. అదే 1.3తో హెచ్చిస్తే 2200 వస్తుంది. ఇద్దరికీ తేడా 700 కేలరీలు, అంటే ఒక మనిషి మధ్యాహ్న భోజనం కన్నా ఎక్కువ.

ఆయన 500 తగ్గించుకున్నా 1700 తింటాడు, హాయిగా ఉంటాడు. ఆవిడ 500 తగ్గిస్తే మిగిలేది వెయ్యి. ఆ వెయ్యిలో ఇనుము, కాల్షియం, ప్రోటీన్ అన్నీ ఇరికించడం ఎవరి వల్లా కాదు.

కాబట్టి మనకు రోజుకు 200–250 కోత చాలు. ఆవిడ లక్ష్యం 1275 దగ్గర పెట్టుకోవచ్చు. డాక్టరు చూస్తుంటే తప్ప 1200 కిందికి దిగకండి. కిలో కొవ్వుకు సుమారు 7700 కేలరీలు కాబట్టి, రోజుకు 225 కోతతో నెలకు తగ్గేది 800–900 గ్రాములు. ఇంతేనా అనిపిస్తుంది. అవును, ఇంతే. ఏడాదికి పది కిలోలు, పొట్టి మనిషికి పది కిలోలంటే రెండు బట్టల సైజులు.

నేను మొదటిసారి ఒక జిమ్‌లో చేరినప్పుడు ట్రైనరు వెయ్యి కేలరీల కాగితం చేతిలో పెట్టాడు. ఆరో వారానికి దువ్వెన నిండా జుట్టు. మెట్రో మెట్ల మీద కళ్లు తిరిగి రెయిలింగ్ పట్టుకుని కూర్చున్నాను. తగ్గిన నాలుగు కిలోలూ మూడు నెలల్లో వెనక్కొచ్చాయి.

## 3. పది రోజులు ఏమీ మార్చకండి, రాయండి

మొదటి పది రోజులు మామూలుగానే తినండి. కాకపోతే నోట్లోకి వెళ్లే ప్రతిదీ రాయండి. పిల్లాడు వదిలేసిన దోసె ముక్క, వంట చేస్తూ నోట్లో వేసుకున్న పల్లీలు, ఆఫీసులో ఎవరిదో పుట్టినరోజు కేకు, అన్నీ.

అన్నం కొలిచే పద్ధతి: బియ్యం పచ్చిగా తూచండి. 100 గ్రాములు సుమారు 350 కేలరీలు. 200 గ్రాముల బియ్యం పెడితే 700. ఉడికాక మొత్తం అన్నం తూచండి. 560 గ్రాములు వచ్చిందనుకోండి, 100 గ్రాముల అన్నం 125 కేలరీలు. మీ కుక్కరు, మీ నీళ్ల కొలత మారనంత కాలం ఈ అంకె మారదు. ఒక్కసారి తూచి, ఫ్రిజ్ మీద రాసి అంటించండి. పప్పుకూ ఇదే పద్ధతి.

యాప్‌లలో "ఒక కప్పు అన్నం", "ఒక దోసె" అని ఉంటాయి. ఎవరి కప్పు? ఎవరి దోసె? మన పెనం మీద పోసిన పల్చటి అట్టుకూ, హోటల్ దోసెకూ మూడింతలు తేడా ఉంటుంది. గ్రాములు ఇచ్చిన అంకెలనే తీసుకోండి.

## 4. కోత నూనె దగ్గర మొదలుపెట్టండి

ఇక్కడ కాసేపు ఆగుదాం. నాకు తెలిసినంతలో మన వంటింట్లో ఇంతకన్నా పెద్ద సంగతి లేదు.

కూరలో పోసిన నూనె ఎవరి కంచంలోకి ఎంత వెళ్లిందో తూచడం కుదరదు. అందుకే నెల లెక్క పట్టుకోండి. నూనె ప్యాకెట్ కత్తిరించిన రోజు దాని మీద పెన్నుతో తేదీ వేయండి. నెలాఖరుకు ఎన్ని అయ్యాయో లెక్కపెట్టండి. లీటరు నూనె 910 గ్రాములు, అంటే సుమారు 8200 కేలరీలు.

మా ఇంట్లో ముగ్గురం. నెలకు నాలుగు లీటర్లు అయ్యేది. అంటే మనిషికి రోజుకు 44 మి.లీ., సుమారు 360 కేలరీలు. చూసి నమ్మలేదు, మళ్లీ లెక్కేశాను. నెలకు రెండు లీటర్లకు దింపితే మనిషికి 180 మిగులుతాయి. మనకు కావాల్సిన 225లో అదే సింహభాగం! అన్నం ముద్ద ఒక్కటి కూడా తగ్గించలేదు.

రెండు లీటర్లకు ఎలా దింపాలి:

- సీసాలోంచి నేరుగా మూకుడులోకి వంచకండి. కొలత చెంచాతో మాత్రమే
- పప్పు, పప్పుచారు, పచ్చడి: తాళింపుకు ఒక్కోదానికి ఒక చెంచా, అంటే 5 మి.లీ. మన ఆవాలు చిటపటలాడడానికి అంతకన్నా అక్కర్లేదు
- వంకాయ, బెండకాయ, దొండకాయ: ముందు మూతపెట్టి ఆవిరికి మగ్గనిచ్చి, చివర్లో నూనె వేసి వేయించండి. మొదట్లో పోస్తే ఎంత పోసినా పీల్చేస్తాయి
- ఆవకాయ: ముక్క, పిండి తీసుకోండి, పైన తేలే నూనె జాడీలోనే వదిలేయండి
- అప్పడాలు, వడియాలు: కాల్చుకోండి లేదా ఆదివారానికి దాచుకోండి
- నెయ్యి: మానక్కర్లేదు. ఒక చెంచా 45 కేలరీలు, నోటుబుక్కులో లెక్క రాసి తినండి

రెండో చోటు కాఫీ. 100 మి.లీ. టోన్డ్ పాలు, రెండు చెంచాల చక్కెర వేస్తే సుమారు వంద కేలరీలు. ఇంట్లో ఒకటి, ఆఫీసులో రెండు కలిపి 300. నేను కాఫీ మానలేదు, మానమని ఎవరికీ చెప్పను. చక్కెర రెండు చెంచాల నుంచి ఒకటికి దింపాను, మూడో కాఫీ ఆపేశాను. నాలుకకు పదిహేను రోజుల్లో అలవాటైంది.

మూడోది గుప్పెడు పల్లీలు. మంచివే, కానీ 30 గ్రాములు 170 కేలరీలు. డబ్బాలోంచి కాకుండా చిన్న గిన్నెలో పోసుకుని తినండి.

## 5. కంచంలో మొదట ప్రోటీన్ చూడండి

బరువు తగ్గేటప్పుడు కండ కరగకుండా ఉండాలంటే మీ లక్ష్యం బరువుకి కిలోకు 1.2 గ్రాముల ప్రోటీన్ చూసుకోండి. 52 కిలోలు లక్ష్యమైతే 62 గ్రాములు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ఈ అంకె డాక్టరు దగ్గరే తీసుకోవాలి.

ఒక రోజు ఇలా ఉండొచ్చు:

- పొద్దున: ఒక చెంచా చక్కెరతో కాఫీ (80)
- టిఫిన్: 50 గ్రాముల పెసలతో పెసరట్టు, ఒక చెంచా నూనె, కాస్త పల్లీ చట్నీ, ఉడికించిన గుడ్డు (315)
- మధ్యాహ్నం డబ్బా: 120 గ్రాముల అన్నం, 30 గ్రాముల కందిపప్పుతో చేసిన ఆకుకూర పప్పు, గిన్నెడు కూర, రెంటికీ కలిపి రెండు చెంచాల నూనె, 100 గ్రాముల పెరుగు (450)
- సాయంత్రం: జామకాయ, 20 గ్రాముల శనగలు ఉడికించినవి (130)
- రాత్రి: ఒక జొన్నరొట్టె, 100 గ్రాముల చికెన్‌తో ఒక చెంచా నూనె కూర, కీరా ముక్కలు, పల్చటి మజ్జిగ (315)

మొత్తం 1290, ప్రోటీన్ 65 గ్రాములకు అటూ ఇటూ. శాకాహారులు గుడ్డు బదులు 25 గ్రాముల పనీరు, చికెన్ బదులు 35 గ్రాముల సోయా ముక్కలు వాడొచ్చు. సోయా ముక్కలు పచ్చిగా తూచండి, నానితే మూడింతలవుతాయి. ఉడికించి గట్టిగా పిండి, గోంగూరలో వేసి చూడండి. మా ఇంట్లో సోయా చెల్లుబాటైంది అలా ఒక్కదానితోనే.

## 6. బయట తిండి

బెంగళూరులో ఉండి దర్శినికి, అంటే నిలబడి తినే టిఫిన్ హోటల్‌కి, వెళ్లకుండా ఎవరుంటారు. వెళ్లండి. రెండు ఇడ్లీలు, చట్నీ వేరే గిన్నెలో తీసుకుంటే 200లో అయిపోతుంది. బెన్నె (వెన్న) మసాలా దోసె ఒక్కటే 400 దాటుతుంది. తినాలనిపిస్తే తినండి, కానీ అది ఆ పూట భోజనం, టిఫిన్ కాదు.

ఆంధ్రా మీల్స్ హోటల్లో ప్రమాదం మొదటి ఐదు నిమిషాల్లోనే: వేడన్నం, కందిపొడి, గరిటెతో నెయ్యి. నా నియమం ఏమిటంటే పొడి అన్నం నాలుగు ముద్దలు, నెయ్యి ఒక్కసారి. రెండోసారి అన్నం తెచ్చినప్పుడు ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టేస్తాను.

ఆదివారం బిర్యానీ మాటకొస్తే, ప్లేటు సులువుగా 800 దాటుతుంది. సోమవారం నుంచి శనివారం దాకా కష్టపడి మిగిల్చింది 1350. బిర్యానీ, కూల్‌డ్రింక్, రాత్రికి మిగిలిన ముక్కలు కలిస్తే అందులో మూడొంతులు ఒక్కరోజులో పోతుంది. వడ్డించుకోకముందే సగం డబ్బాలోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టండి. తిన్నాక తీద్దామనుకుంటే మిగలదు.

## 7. నడక: గడియారం చెప్పింది నమ్మకండి

50–56 కిలోల మనిషి కిలోమీటరు నడిస్తే ఖర్చయ్యేది 30–40 కేలరీలు. పైన చెప్పిన దోసెకు పది కిలోమీటర్లన్నమాట. ట్రెడ్‌మిల్‌లో మీ బరువు వేయకపోతే అది ఇంకెవరి బరువుకో లెక్క చూపిస్తుంది. చేతి గడియారమూ ఉదారంగానే చూపిస్తుంది. అది 300 అన్నదని 300 తినేయకండి.

ఇంకోటి, మన అడుగు చిన్నది. 150 ఎత్తుకు అడుగు సుమారు 62 సెం.మీ., 175 ఎత్తుకు 72. పదివేల అడుగులకు మనం వెళ్లేది 6.2 కిలోమీటర్లు, వాళ్లు 7.2. పక్కన నడిచేవాళ్లతో పోటీ వద్దు. ఇప్పుడు మీరు నడిచేదానికి రెండువేల అడుగులు కలపండి, అది అలవాటయ్యాక ఇంకో రెండువేలు.

మన ఫుట్‌పాత్‌ల సంగతి తెలిసిందే. కైకొండ్రహళ్లి చెరువు, అగర చెరువు దగ్గరున్నవాళ్లు పొద్దున్నే అక్కడికి వెళ్లండి. సెలవు రోజున కబ్బన్ పార్కో లాల్‌బాగో. మిగతా రోజుల్లో భోజనం తర్వాత ఆఫీసు క్యాంపస్‌లో పదిహేను నిమిషాలు, ఫోన్ మాట్లాడుతూ కారిడార్‌లో ఇంకో పది. సాయంత్రం వాన నమ్మకంగా పడే నెలల్లో వాకింగ్‌ను పొద్దుటికి మార్చుకోండి, లేకపోతే వారానికి నాలుగు రోజులు ఎగిరిపోతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పింది వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, రెండు రోజులు కండరాలకు పని. చాలామంది మొదటిది చేసి రెండోది వదిలేస్తారు.

## 8. బరువులు ఎత్తండి

వారానికి రెండు రోజులు, కుదిరితే మూడు. మధ్యలో ఒక రోజు విశ్రాంతి. ఒక్కోటి 8–12 సార్లు, రెండు మూడు విడతలు, ఈ వరసలో:

- కుర్చీ మీద కూర్చున్నట్టు వంగి లేవడం. మోకాళ్లు లోపలికి వాలకూడదు
- రెండు చేతుల్లో బరువు పట్టుకుని, నడుం నిటారుగా ఉంచి, తుంటి దగ్గర వంగి లేవడం
- గోడకు చేతులు ఆనించి పుష్-అప్. సులువైతే వంటింటి గట్టు, తర్వాత నేల
- ముందుకు వంగి డంబెల్‌ను నడుం వైపు లాగడం
- డంబెల్స్ తల పైకి ఎత్తడం
- మోచేతుల మీద ప్లాంక్, అంటే బోర్లా మోచేతులు, కాలివేళ్ల మీద ఒళ్లు తిన్నగా ఉంచి ఆగడం, 20 సెకన్లతో మొదలు

పన్నెండు సార్లు సులువుగా వస్తే బరువు పెంచాలి. చిన్న ఒంటికి 2.5 నుంచి 5 కిలోలకు దూకడమంటే రెట్టింపు. ముందు పదిహేను సార్లకు వెళ్లండి, ఆ తర్వాత పెద్ద బరువుతో ఆరుసార్లతో మొదలుపెట్టండి. ఇంట్లో ఐతే లీటరు సీసాలో నీళ్లు పోస్తే కిలో.

జిమ్ మెషిన్లు మన కొలతలకు చేసినవి కావు. సీటు పూర్తిగా కిందికి దించినా కాళ్లు వేలాడితే నడుం మీద భారం పడుతుంది. పాదాల కింద వెయిట్ ప్లేటో చెక్క మెట్టో పెట్టమని అడగండి. సిగ్గుపడకండి. అప్పటికీ కుదరకపోతే ఆ మెషిన్ వదిలేసి డంబెల్స్ తీసుకోండి. మామూలు పొడవు రాడ్డు ఒక్కటే 20 కిలోలుంటుంది. మొదటి నెలల్లో దాని జోలికి వెళ్లక్కర్లేదు.

## 9. తూకం చదవడం

- పొద్దున్నే బాత్రూంకి వెళ్లొచ్చాక, కాఫీకి ముందు చూసుకోండి
- వారానికి కనీసం మూడు రోజులు, వాటి సగటు రాయండి
- నెలసరికి ముందు ఒకటి రెండు కిలోలు పెరగొచ్చు. అది నీరు. ఈసారి నెలసరి మూడో రోజును పోయినసారి నెలసరి మూడో రోజుతో పోల్చండి
- నడుం చుట్టుకొలత నెలకోసారి. 80 సెం.మీ. లోపు ఉండాలి, ఎత్తులో సగానికి తగ్గితే ఇంకా మంచిది

మన తగ్గుదల వారానికి 200 గ్రాములు. రాత్రి పచ్చడన్నం తింటే ఉప్పుకే అంతకు రెట్టింపు నీరు నిలుస్తుంది. రోజువారీ అంకె చూసి టెన్షన్ పడి అన్నం మానేసేవాళ్లే ఎక్కువమంది. నాలుగు వారాలు కాకుండా ఏ నిర్ణయమూ తీసుకోకండి.

## 10. తగ్గడం ఆగిపోతే

ఈ వరసలోనే చూడండి:

- నూనె ప్యాకెట్ల తేదీలు చూడండి. పదికి ఏడుసార్లు గుట్టు అక్కడే దొరుకుతుంది
- వారం పాటు మళ్లీ అన్నీ తూచండి. కంటి కొలత నెమ్మదిగా పెద్దదవుతుంది
- కొత్త బరువుతో లెక్క మళ్లీ వేయండి. 56 నుంచి 52కి వస్తే ఖర్చు 50 కేలరీలు తగ్గుతుంది
- రోజుకు 1500–2000 అడుగులు కలపండి. తిండి ఇంకా కోసే ముందు ఇది చేయండి
- మూడు నెలలైతే, రెండు వారాలు కోత ఆపి మామూలు లెక్కకు తినండి. బరువు కాస్త పెరిగినా కంగారొద్దు

నెలసరి ఆగిపోయినా, ఎప్పుడూ చలిగా ఉన్నా, జుట్టు గుప్పెళ్లుగా రాలినా కోత ఆపేయండి. ముందు డాక్టరు, తర్వాతే మిగతాది.

## 11. చేరుకున్నాక

ఒక్కసారిగా పాత తిండికి వెళ్లకండి. వారానికి 75–100 కేలరీలు కలుపుతూ, సగటు బరువు చూస్తూ రండి. నేను మొదటి వారం మధ్యాహ్నం అన్నం 60 గ్రాములు పెంచాను. రెండో వారం రాత్రికి ఇంకో జొన్నరొట్టె. మూడో వారం సాయంత్రం కాఫీ తిరిగి తెచ్చుకున్నాను, ఒక చెంచా చక్కెరతోనే. నూనె మాత్రం ఇప్పటికీ నెలకు రెండు లీటర్లే, ప్యాకెట్ల మీద తేదీలు వేయడం మానలేదు. ఊరికెళ్తే అమ్మ "చిక్కిపోయావే" అంటూ వారంలోనే లెక్కంతా తారుమారు చేస్తుంది. తిరిగొచ్చాక నేను ఉపవాసాలు చేయను, సోమవారం నుంచి మామూలు డబ్బా కట్టుకుంటాను. ఆ పెరిగిన కిలో సాధారణంగా రెండు మూడు వారాల్లో దిగిపోతుంది.